ఫోన్ గూట్లో, బ్రష్షు నోట్లో: నర్సరీ పిల్లలకి యాప్‌ల సాయంతో అలవాట్లు నేర్పడం ఎలా?

మా అమ్మాయికి నాలుగేళ్ళు, ఎల్‌కేజీ. మేముండేది విజయవాడ పటమటలో. స్కూలు వ్యాను ఎనిమిదింబావుకి వీధి చివరికి వస్తుంది. కిందటేడు దాకా మా ఇంట్లో ఏడు నుంచి ఎనిమిదింబావు వరకు రోజూ యుద్ధమే. బ్రష్ చెయ్యమంటే మంచం కిందికి దూరేది. ఒకరోజు విసుగొచ్చి పళ్ళు తోమించే యాప్ ఒకటి వేసుకున్నాను. తెర మీద ఓ మొసలి నోరు తెరుచుకుని ఉంటుంది, పిల్ల తోముకునేకొద్దీ దాని పళ్ళు తెల్లబడతాయి. మొదటి రెండు రోజులూ పండగే. మూడో రోజు నిమిషం గడిచిందో లేదో మొసలి మాయమైపోయి మిఠాయిల ఆట ప్రకటన వచ్చిపడింది. నోట్లో బ్రష్షు అలాగే ఉంది, నురగ మోచేతి మీదుగా ఫోన్ మీదికి కారుతోంది, తను మాత్రం ఆ ఆట కావాలని ఒకటే ఏడుపు. వ్యాను వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కిందామీదా పడి తెలుసుకున్నది ఒక్కటే. ఈ వయసులో యాప్ పిల్లకి కాదు, మనకి. గుర్తుచెయ్యడం, టైము చూడడం, పాటో కథో వినిపించడం ఫోన్ పని. అది ఉండాల్సింది గూట్లో. పిల్ల చేతికొచ్చిందా, అలవాటయ్యేది బ్రష్షు కాదు, ఫోనే. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలున్నవాళ్ళు దీన్ని ఏ వరసలో చేసుకుంటే కుదురుతుందో రాస్తున్నాను.

ముందు లెక్కలు చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళ లోపు పిల్లల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. మూడు నాలుగేళ్ళ వాళ్ళు కూర్చుని తెర చూసే సమయం రోజు మొత్తం మీద గంట దాటకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. ఒళ్ళు కదిలే ఆటలు రోజుకి కనీసం 180 నిమిషాలు ఉండాలి, అందులో 60 నిమిషాలు గసపోసేంత ఆట కావాలి. నిద్ర పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు. మన పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో చెప్పింది కూడా ఈ గంట మాటే. టీవీ కూడా ఆ గంటలోకే వస్తుంది. కాబట్టి అలవాట్ల యాప్ పేరు చెప్పి తెర చూపించేది నా లెక్కలో పది నిమిషాలు దాటకూడదు.

మొదటి వారం ఏ యాపూ వద్దు

పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి పెన్నుతో పాటు ఫ్రిజ్ మీద పెట్టుకోండి. రోజులో ఎక్కడెక్కడ గొడవవుతోందో రెండు ముక్కల్లో రాయండి. 'బ్రష్, 7.10, పావుగంట ఏడుపు', 'రాత్రి అన్నం, ఫోన్ ఇస్తేనే', 'నిద్ర, పదకొండు' ఇలా. ఏడు రోజుల తర్వాత చూసుకుంటే మీకే తెలిసిపోతుంది. నాకైతే గొడవంతా పొద్దునే అనిపించేది. కాగితం చూస్తే తప్పంతా రాత్రిది. పదకొండింటికి పడుకున్న పిల్ల ఏడింటికి లేచి నవ్వుతూ బ్రష్ చేస్తుందా?

అందులోంచి ఒక్కటే అలవాటు ఎంచుకోండి. మూడు నాలుగు వారాలు దాన్ని తప్ప ఇంకోదాన్ని ముట్టుకోవద్దు. పళ్ళు, చేతులు, కూరగాయలు, నిద్ర అన్నీ ఒకేసారి ఉగాది నుంచి మొదలెడదామనుకుంటే ఉగాది పచ్చడి అరిగేలోపే అన్నీ ఆగిపోతాయి.

ఫోన్ సిద్ధం చెయ్యడం

బీరువాలో పడున్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అదే మేలు. సిమ్ తీసేయండి. వాట్సాప్, యూట్యూబ్, ఆటలు అన్నీ తీసేయండి. గడియారం, రికార్డర్, కెమెరా, పాటలు వినిపించే యాప్ ఉంటే చాలు. పాత ఫోన్ లేకపోతే మీ ఫోన్‌లోనే ఈ కింది మూడింట్లో మొదటి రెండూ చేసుకోండి.

ఒకటి, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఏది కొనాలన్నా ప్రతిసారీ పాస్‌వర్డో వేలిముద్రో అడిగేలా పెట్టండి. ఇది నా చెయ్యి కాలాక చెబుతున్న మాట. 'ఏడు రోజులు ఉచితం' అన్న ఒక పిల్లల యాప్‌కి యూపీఐ ఆటోపే (గడువు రాగానే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) ఒప్పుకుని, నచ్చక నాలుగో రోజే ఫోన్‌లోంచి తీసేశాను. ఎనిమిదో రోజు 1,499 రూపాయలు పోయాయి. యాప్ తీసేసినంత మాత్రాన చందా రద్దవదు. ప్లే స్టోర్‌లో మన బొమ్మ మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్ళి, అక్కడ చందా రద్దు చేసి, ఆ తర్వాతే యాప్ తీసేయాలి.

రెండు, యాప్ పిన్నింగ్. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ దగ్గర ఉంటుంది, దొరక్కపోతే పైన వెతికే చోట 'పిన్' అని కొట్టండి. ఇది ఆన్ చేసి, బయటికి రావాలంటే పిన్ నంబర్ అడిగేలా కూడా పెట్టి, తెరిచిన యాప్‌ని పిన్ చేస్తే అందులోంచి పిల్ల బయటికి రాలేదు. ఐఫోన్‌లో దీన్నే గైడెడ్ యాక్సెస్ అంటారు, యాక్సెసిబిలిటీలో ఉంటుంది.

మూడు, గూగుల్ ఫ్యామిలీ లింక్. పిల్ల వాడే ఫోన్ విడిగా ఉంటేనే ఇది పనికొస్తుంది. రోజుకి ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఆగిపోవాలి అన్నది మన ఫోన్ నుంచే పెట్టొచ్చు. ఎవరికీ విడి ఫోన్ ఇవ్వని ఇంట్లో దీని అవసరం లేదు.

యాప్ వేసుకునేముందు

నిజానికి నేను చెప్పబోయే పనుల్లో సగానికి పైగా ఫోన్‌తో పాటు వచ్చినవాటితోనే అయిపోతాయి. అయినా కొత్త యాప్ చూడాలనిపిస్తే, పేరు కింద చిన్న అక్షరాల్లో ప్రకటనలు ఉన్నాయనో లోపల కొనేవి ఉన్నాయనో రాసి ఉందేమో చదవండి. రెండూ ఉంటే వదిలేయండి. ప్లే స్టోర్‌లో పిల్లల యాప్‌లకి టీచర్లు ఆమోదించారన్న గుర్తు ఉంటుంది, ఉంటే మంచిదే కానీ దాన్ని చూసి కళ్ళు మూసుకోవద్దు. పిల్ల పడుకున్నాక పావుగంట మీరే ఆడి చూడండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మళ్ళీ ఆడండి. నెట్ లేకుండా నడిచే యాప్ అయితే సగం బెంగ తీరినట్టే. పళ్ళు తోమించే యాప్ మీ లొకేషన్, కాంటాక్టులు అడుగుతోందంటే దానికేం పని? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల ఒప్పుదల కావాలంటుంది. ఆ ఒప్పుదల అంటే మనం చదవకుండా నొక్కేసే బటనే.

ఇంకో పరీక్ష. మధ్యలో ఆపేస్తే యాప్‌లోని బొమ్మ ఏడుస్తోందా? 'వెళ్ళిపోతున్నావా?' అని మొహం చిన్నబుచ్చుకుంటోందా? అలాంటిది ఇంట్లో పెట్టుకోవద్దు. మనమే చాలు ఏడవడానికి.

ఊరికే సరదాగా చూపించడానికైతే ఖాన్ అకాడమీ కిడ్స్ ఉచితం, ప్రకటనలు లేవు, కానీ ఇంగ్లీషులో ఉంటుంది. యూట్యూబ్ కిడ్స్‌లో టైమర్ ఉంది, పెట్టిన నిమిషాలయ్యాక తనే ఆగిపోతుంది. అలవాట్లు నేర్పడానికి మాత్రం ఈ రెండూ అక్కర్లేదు.

అలారానికి మన గొంతు

మా ఇంట్లో అన్నిటికంటే పనిచేసింది ఇదే. రికార్డర్ తెరిచి పది సెకన్లలోపు ఒక పిలుపు రికార్డ్ చెయ్యండి. తర్వాత గడియారం యాప్‌లో అలారం పెట్టి, దాని శబ్దం ఎంచుకునే చోట కొత్తది చేర్చు అన్న దగ్గర ఈ రికార్డింగ్ ఇవ్వండి. ఫోన్ కంపెనీని బట్టి మాటలు కాస్త మారతాయి. ఐఫోన్‌లో ఇది చుట్టుతిరుగుడు పని, అందుకే పాత ఆండ్రాయిడ్ అన్నాను.

ఎవరి గొంతన్నది ముఖ్యం. నా గొంతు పెడితే పిల్ల పట్టించుకోలేదు, రోజంతా వినేదే కదా. తెనాలి నుంచి మా నాన్న వచ్చినప్పుడు ఆయన చేత చెప్పించాను: 'చిట్టితల్లీ, తాతయ్య పళ్ళు తోముకున్నాడు. నువ్వో?' ఏడుంబావుకి ఆ గొంతు వినపడగానే 'నేనూ' అని అరుస్తూ లేచింది. ఆయనకి పై వరసలో మూడే పళ్ళున్నాయన్న సంగతి వేరే.

పిలుపులో ఆజ్ఞ ఉండకూడదు. 'త్వరగా', 'లేకపోతే' అన్న మాటలు రాకూడదు. రెండు వారాలకోసారి గొంతు మార్చండి: బాబాయి, అత్త, పక్కింటి అక్క. రోజుకి రెండు అలారాలు మించొద్దు, ఆపైన పెట్టినవి గోడగడియారం చప్పుడులాగే ఎవరికీ వినపడవు.

పళ్ళు: గుంటూరు నుంచి బెజవాడకి రెండు నిమిషాల్లో

పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయేముందు ఒకసారి, రెండేసి నిమిషాలు. రెండిట్లో రాత్రిది ఇంకా ముఖ్యం, అది అయ్యాక మంచినీళ్ళు తప్ప పాలు కూడా వద్దు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మూడేళ్ళు నిండినవాళ్ళకి బఠానీ గింజంత, అంతకంటే చిన్నవాళ్ళకి బియ్యపు గింజంత చాలు. ప్రకటనల్లో బ్రష్షు పొడుగునా అలలా పిండేది చూసి మోసపోకండి.

రెండు నిమిషాలంటే పిల్లకి ఏం తెలుస్తుంది? మా ఆయన రైలు కథ ఒకటి రికార్డ్ చేశారు. గుంటూరు స్టేషన్లో కూత వేసి బండి కదులుతుంది. నంబూరు వచ్చేదాకా కింద కుడివైపు. నంబూరు నుంచి మంగళగిరి దాకా కింద ఎడమవైపు. మంగళగిరిలో 'పానకాలస్వామికి దణ్ణం పెట్టు' అంటారు, అంటే తల పైకెత్తాలి, పై పళ్ళు ఎడమవైపు. కృష్ణా కెనాల్ దగ్గర బండి కాసేపు ఆగుతుంది, అక్కడినుంచి పై పళ్ళు కుడివైపు. చివర్లో వంతెన మీద దడదడదడమని ముందు పళ్ళు, కింద కృష్ణ. 'విజయవాడ వచ్చింది, దిగండి' అనగానే ఉమ్మెయ్యాలి. సరిగ్గా రెండు నిమిషాలు వచ్చేదాకా ఆయన నాలుగుసార్లు రికార్డ్ చేశారు. ఫోన్ సింకు పైన గూట్లో, తెర గోడవైపు.

మీరు మీకు తెలిసిన దారి పెట్టుకోండి. బస్సు రూటైనా పర్లేదు. కానీ ప్రతిసారీ చివరి అర నిమిషం బ్రష్షు మీ చేతిలోకి తీసుకుని మీరు తోమండి. ఏడెనిమిదేళ్ళొచ్చేదాకా పిల్లల చెయ్యి లోపలి దవడ పళ్ళ వరకు సరిగ్గా తిరగదు.

చేతులు కడగడానికి ఇంత హంగామా అక్కర్లేదు. సబ్బు పట్టించి ఇరవై సెకన్లు రుద్దాలి. ఒకటి నుంచి ఇరవై వరకు తెలుగులో నెమ్మదిగా లెక్కపెడితే సరిపోతుంది, అంకెలు కూడా వస్తాయి. పద్ధెనిమిదో పంతొమ్మిదో ఎగరగొట్టేస్తుంది, చూసీ చూడనట్టు పోండి.

అన్నం దగ్గర ఫోన్ మానిపించడం

ఇక్కడ యాప్ చేసే పని సున్నా. తెర చూస్తూ తినే పిల్లకి ఎంత తిందో, కడుపు ఎప్పుడు నిండిందో తెలియదు. ఈ ముక్క మనకి తెలుసు. మా ఇంట్లో చిక్కు ఏమిటంటే మధ్యాహ్నం పెట్టేది మా అత్తయ్య. ఆవిడ బాధ ఆవిడది.

'ఫోన్ లేకపోతే నాలుగు ముద్దలు కూడా తినదమ్మాయ్, చిక్కిపోతుంది.'

'నాలుగు తిననివ్వండి అత్తయ్యా. ఆకలేస్తే అయిదో ముద్ద తనే అడుగుతుంది.'

'నువ్వు ఆఫీసుకి పోతావు, చూసేది నేనుగా.'

ఆవిడ అన్నదీ నిజమే. అందుకని ఒక్కసారిగా లాక్కోలేదు. మొదటి అయిదు రోజులు అదే వీడియో, కానీ ఫోన్ బోర్లా పెట్టి, పాట మాత్రం వినపడేలా. తర్వాతి అయిదు రోజులు పాట బదులు అత్తయ్యే రికార్డ్ చేసిన కథ. ఆ తర్వాత ఫోన్ ఎందుకు, కథ చెప్పే మనిషి ఎదురుగానే ఉంది కదా. మూడు రోజులు నిజంగానే తక్కువ తింది. అత్తయ్య నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ కడిగి పెట్టిన ముక్కతో గిన్నె ఖాళీ చేసింది.

కెమెరాని మాత్రం వాడుకోవచ్చు. ఆదివారం రైతు బజారుకి తీసుకెళ్ళి ఒక కూరగాయని పిల్లనే ఎంచుకోనివ్వండి, ఫోటో తీయించండి. ఇంటికొచ్చి అదే వండాలి. తిన్నాక ఖాళీ కంచం ఫోటో ఇంకోటి, రెండూ పక్కపక్కన పెట్టి తాతయ్యకి పంపండి. మా పిల్ల బీరకాయని అలాగే ఒప్పుకుంది. కాకరకాయ ఫోటో బాగా వచ్చింది, కూర మాత్రం ఇప్పటికీ లోపలికి పోలేదు.

ఆట, నీళ్ళు

ఈ ఊరిని ఊరికే బ్లేజ్‌వాడ అనలేదు. మే నెలలో 45 డిగ్రీల దాకా పోయే రోజులుంటాయి. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం అయిదున్నర తర్వాతే బయట ఆట. ఫోన్‌లో వాతావరణం చూసి అంకె పిల్ల చేత చదివించండి. 'ముందు నాలుగు ఉంటే ఇంట్లోనే' అన్న రూలు పెడితే మన మీద అలగరు, ఫోన్ మీద అలుగుతారు. సాయంత్రం రాజీవ్ గాంధీ పార్కో, అపార్ట్‌మెంట్ సెల్లారో, మేడో ఏదైనా సరే. ఇంట్లో ఉండక తప్పని రోజు పాట పెట్టి స్టాచ్యూ ఆట ఆడించండి: పాట ఉన్నంతసేపు గంతులు, మీరు ఆపగానే బొమ్మలా నిలబడాలి. పాటకి ముందు రెండు గుక్కలు, తర్వాత రెండు గుక్కలు నీళ్ళు.

నిద్ర: ముందు ఫోన్‌ని పడుకోబెట్టాలి

పడుకునే టైముకి గంట ముందు అన్ని తెరలూ బంద్. అన్నీ అంటే మనవి కూడా, నాకు చాలా కష్టమైంది ఇదే. ఆండ్రాయిడ్‌లో బెడ్‌టైమ్ మోడ్ పెడితే ఆ టైముకి తెర నలుపు తెలుపులోకి మారిపోతుంది. రంగులు పోయిన ఫోన్ పిల్లలకే కాదు, మనకీ రుచించదు.

ఎనిమిదింబావుకి మా పిల్ల నా ఫోన్‌కి చేతిరుమాలు కప్పి, హాల్లో ఛార్జింగ్ దగ్గర పెట్టి, వేలితో రెండుసార్లు జో కొట్టి వస్తుంది. 'ఫోన్‌కి నిద్రొచ్చింది' అని తనే చెబుతుంది. తర్వాత రాత్రి బ్రష్షు, రైలు, దోమతెర. పాత ఫోన్‌లో అమ్మమ్మ చెప్పిన కథ చిన్నగా వినపడుతుంది, తెర ఆపేసి ఉంటుంది. పదకొండు నుంచి తొమ్మిదింబావుకి రావడానికి మాకు ఆరు వారాలు పట్టింది. వారానికి పదిహేను ఇరవై నిమిషాల చొప్పున ముందుకి జరిపాం. ఒక్క రోజులో రెండు గంటలు జరపాలని చూసిన మొదటి ప్రయత్నం గురించి చెప్పకపోతేనే మంచిది.

లెక్క గోడ మీదే

నక్షత్రాలు, నాణేలు లెక్కపెట్టే యాప్‌లు బోలెడున్నాయి. వద్దు. ఒక చార్టు, పది రూపాయల స్టిక్కర్లు చాలు. పిల్ల తన చేత్తో అంటించాలి. చెయ్యని రోజు గడి ఖాళీగా వదిలేయండి, ఎర్ర ఇంటూ గుర్తు పెట్టకండి. వారంలో అయిదు నిండితే గెలిచినట్టే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ముంచేసినప్పుడు సింగ్ నగర్‌లో ఉండే మా ఆడపడుచు వాళ్ళు రోజుల తరబడి మొదటి అంతస్తులో చిక్కుకుపోయారు. కరెంటు లేదు, ఉన్న కాస్త ఛార్జింగూ ఫోన్ చెయ్యడానికే దాచుకున్నారు. వాళ్ళబ్బాయికి అప్పుడు అయిదేళ్ళు. తాగేనీళ్ళు అరగ్లాసుతో పళ్ళు తోముకుని, ఫ్రిజ్ మీదున్న కాగితం మీద స్టిక్కర్ అంటించమని అడిగేవాడట. నక్షత్రాలు ఫోన్‌లో ఉండుంటే ఆ రోజుల్లో వాడికి చూపించడానికి ఏమీ ఉండేది కాదు.

అలారం తీసేయడం

చార్టులో రెండు వారాలు వరసగా నిండాక అలారం శబ్దం సగానికి తగ్గించండి. ఇంకో వారం ఆగి పూర్తిగా తీసేయండి. ఏడుంబావుకి పిల్ల తనే సింకు దగ్గరికి వెళ్తోందా, కనీసం మీరు ఒక్కసారి అంటే వెళ్తోందా చూడండి. వెళ్తుంటే రెండో అలవాటు మొదలెట్టండి, లేకపోతే గొంతు మార్చి ఇంకో రెండు వారాలు. మొదటిది తీసేయకుండా రెండోదానికి అలారం పెట్టొద్దు.

ఊళ్ళకి వెళ్ళినప్పుడు అన్నీ చెదిరిపోతాయి. సంక్రాంతికి వారం రోజులు అమ్మమ్మ ఇంట్లో అరిసెలు, టీవీ, అర్ధరాత్రి కబుర్లు. అక్కడ ఏమీ చెయ్యకండి, ఒక్క రాత్రి బ్రష్షు తప్ప. తిరిగొచ్చిన రోజే తాతయ్య గొంతు మళ్ళీ పెట్టండి, నాలుగు రోజులకి తీసేయండి.